పెదాలకు పూసుకున్న గ్లిజరాల్

ఆ రోజుల్లో నా కోపం నాకంటే ముందే ల్యాబ్‌కి వచ్చేది. గన్నవరం దగ్గర ఒక చిన్న పరిశోధనశాలలో ప్రోటీన్ స్ఫటికాలు పెంచడం నా మొదటి ఉద్యోగం. మా సారుకి నేను పెట్టిన పేరు బఫర్ గారు. స్ఫటికం రాకపోయినా, కరెంటు పోయినా ఆయన జవాబొక్కటే: "బఫర్ మార్చి చూడమ్మా." బఫరంటే స్ఫటికం పెరిగే ద్రావణం. ట్రిస్ బఫర్ తీసి హెపెస్, అది తీసి మళ్ళీ ట్రిస్, ఇలా చలిగదిలో కూర్చుని పెదాలు పగిలి నెత్తురొచ్చేదాకా ఎనిమిది నెలలు మార్చాను. చివరికి ఒకే ఒక్క స్ఫటికం వచ్చింది, పంచదార పలుకంత. (నిజానికి అందులో సగమే. కోపంలో నాకన్నీ పెద్దగా కనిపిస్తాయి.)

ఎక్స్‌రేకి పంపాలంటే దాన్ని ద్రవ నత్రజనిలో పెట్టాలి. అంతకుముందు గ్లిజరాల్ (మందులషాపులో గ్లిజరిన్ అనేది అదే) కలిపిన బఫర్‌లో ముంచాలి, లేకపోతే లోపలి నీరు మంచుగా మారి స్ఫటికాన్ని చీల్చేస్తుంది. అది పాడైతే నా ఉద్యోగానికి పొడిగింపు లేనట్టే. ఆ ఉదయం బఫర్ గారు, "కంగారుపడతావేమో, నేను ముంచనా?" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎనిమిది నెలలు వణికింది నేను, ముంచడానికి ఈయనా? ఆ మంటలో, బఫర్‌లో పోస్తుంటే తేనెలా జారాల్సిన గ్లిజరాల్ నీళ్ళలా దూకుతున్నా చూసుకోలేదు. నత్రజనిలోంచి తీసి చూస్తే స్ఫటికం తెల్లబారి, అడ్డంగా పగిలి ఉంది.

"ఎవరండీ ఈ గ్లిజరాల్ సీసాలో నీళ్ళు పోసింది?" అని అరిచాను. మా అటెండరు పామర్రు ఆంటీ (ఆదివారం చర్చిలో నా స్ఫటికం కోసం ప్రార్థించిన మనిషి) చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నేనేనమ్మా. కొద్దికొద్దిగా తీశాను. తగ్గిందని ఎవరన్నా అంటారేమోనని మంచినీళ్ళు కలిపాను."

"ఇంటికి పట్టుకెళ్ళారా?" అందరి ముందూ అడిగాను.

ఆమె నా బల్ల మీది చిన్న డబ్బా వైపు చూసింది. "నీ పెదాలకేనమ్మా. రోజూ పూసుకుంటున్నావుగా."

నిజమే. చలిగదిలోంచి రాగానే అందులో వేలు ముంచి పూసుకునేదాన్ని. అది ఎవరు పెట్టారో, ఎందుకు ఎప్పుడూ అయిపోదో ఒక్కసారీ అడగలేదు. బఫర్ గారు పగిలిన స్ఫటికాన్ని చాలాసేపు చూసి, "ఈసారి బఫర్ వద్దులే, సీసా మార్చు. పొడిగింపు సంగతి నేను చూస్తాను" అన్నారు. ఆయన మీద కోప్పడటానికి నాకు ఒక్క కారణమూ మిగల్లేదు. అది ఇంకా కోపం తెప్పించింది.

ఆంటీకి క్షమాపణ చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు. మర్నాడు నా బల్ల మీద, ఆంటీ డబ్బా పక్కన, మందులషాపు గ్లిజరిన్ సీసా కనిపించింది, మూత కూడా తీయనిది. ఇప్పటికీ పెదాలు పగిలితే అద్దంలో ఆ నోటిదురుసు పిల్ల కనిపిస్తుంది. తిడదామని మొదలుపెట్టి నవ్వేస్తాను. నవ్వితే పగుళ్ళు మండుతాయి.