మూసిన తలుపు వెనక ధూపం

గుడిలో తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ భోజనాల దగ్గర ఈ కథ నేను చాలాసార్లు చెప్పాను. అక్కడ చెప్పేటప్పుడు పొగ కమ్మిన గదిలోకి ఒక్క ఉదుటున దూకుతాను, మా ఆవిణ్ణి భుజాన వేసుకుంటాను, రెండో చేత్తో అంబులెన్స్ కోసం 911 నొక్కుతాను. వినేవాళ్ళు పులిహోర ప్లేట్లు పట్టుకుని అలాగే నిలబడిపోతారు. ఇక్కడ ఆ వేషాలు కుదరవు. రాసింది మా ఆవిడ చదువుతుంది.

అమెరికాలో, నార్త్ కరోలినాలోని క్యారీలో మాది అపార్ట్‌మెంట్. బెడ్‌రూమ్‌లో బట్టల కోసం కట్టిన క్లాజెట్‌ని పూజగది చేసుకున్నాం. కిటికీ లేదు. ధూపం వేస్తే హాల్లో స్మోక్ అలారం కూస్తుంది, బిల్డింగంతా బయటికొస్తుంది. అందుకని శనివారాలు అలారానికి షవర్ క్యాప్ తొడగడం, మా ఆవిడ లోపల కూర్చున్నాక తలుపు వేసి కింద సందులో తువ్వాలు దోపడం నా డ్యూటీ. ఈ ఉపాయం నేనే కనిపెట్టానని అందరికీ చెప్పుకున్నాను. నిజానికి పై అంతస్తు ఆవిడ నేర్పింది.

ఆ శనివారం సాంబ్రాణి నిండుకుంది. ఇండియన్ స్టోర్‌దాకా డ్రైవ్ చేయడానికి బద్ధకించి, పెట్రోలు పోయించుకున్న చోటే కొట్లోకి వెళ్ళి ఇన్సెన్స్ ఉందా అని అడిగాను.

కౌంటర్ వెనక మనిషి నన్ను ఎగాదిగా చూశాడు. "మీరు పోలీసా?"

ఈ వయసులో నన్ను పోలీసనుకున్నవాడు దొరికాడని పొట్ట లోపలికి లాక్కున్నాను. కాదన్నాక, కింద ఎక్కడినుంచో వెండిరంగు పొట్లం తీశాడు. దానిమీద తామరపువ్వు. ధర విని మేలురకం అనుకున్నాను.

"ఇది స్ట్రాంగ్. ఇదివరకు వాడారా?"

"వాడటమేమిటి, మా ఇంట్లో తరతరాలుగా ఉంది. ఇది లేకపోతే మా ఆవిడకి శనివారం గడవదు."

అతను ఇంకేమీ అడగలేదు.

పొట్లం వెనక చిన్న అక్షరాల్లో 'మనుషుల వాడకానికి కాదు' అని ఉంది. చదివాను. చదవకుండా ఎలా ఉంటాను, మందుల కంపెనీలో సైంటిస్టుని కదా! ఆగండి, ఇదీ కోతే. కంపెనీ మాట నిజం. నేను ప్యాకింగ్ సెక్షన్‌లో లేబుళ్ళు సరిగ్గా పడ్డాయో లేదో చూసేవాణ్ణి. ఉద్యోగమంతా లేబుళ్ళు చూసినవాణ్ణి, ఆ లేబుల్ చూసి, 'మనుషులకెందుకు, దేవుడికే కదా' అని నవ్వుకున్నాను.

నిప్పుల మీద వేశాను. సాంబ్రాణిలా కమ్మగా లేదు. ప్లాస్టిక్ మాడినట్టు, పైన ఏదో సెంటు కొట్టినట్టు ఉంది. "ఇదేం వాసనండీ?" అంది మా ఆవిడ. "అమెరికా సాంబ్రాణి ఇలాగే ఉంటుందే" అని తలుపు వేసి, తువ్వాలు దోపి, కాఫీ కలుపుకోవడానికి వెళ్ళాను.

వంటింట్లోకి ఆవిడ స్తోత్రం వినబడుతోంది. ఎన్నో ఏళ్ళుగా వింటున్నది, ఎక్కడ గొంతు దించుతుందో కూడా నాకు తెలుసు. ఒకచోట చదివిన పాదమే మళ్ళీ చదివింది. మరిచిపోయిందేమో అనుకున్నాను. మళ్ళీ అదే పాదం. మళ్ళీ అదే, ఈసారి గబగబా, ఎవరో తరుముతున్నట్టు. తరవాత సగం మాట. ఆ తరవాత ఏమీ లేదు.

తలుపు తీసేసరికి పీట మీదనుంచి పక్కకు ఒరిగిపోయి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడటం లేదు. చీరమీద వాంతి. భుజాన వేసుకోలేదు, కింద పరిచిన చాప పట్టుకుని ఈడ్చాను, అదీ మధ్యలో రెండుసార్లు కూలబడి. ఆవిడ మెడ దగ్గర వేళ్ళు పెడితే గుండె లెక్కకందకుండా కొట్టుకుంటోంది. నా గుండె కూడా అలాగే ఉంది. గోడలు దగ్గరికి వస్తున్నట్టు అనిపించింది. అది భయమో, ఆ పొగో నాకు తెలియలేదు.

ముందు 911 కి ఫోన్ చేయలేదు. మనవరాలికి చేశాను. ఇక్కడికి దగ్గర్లోనే లా చదువుతోంది. పొట్లం మీదున్నది చదవమంది. చదివాను.

"తాతయ్యా, అది ఇన్సెన్స్ కాదు! ఫేక్ గంజాయి అది, కెమికల్! కట్ చెయ్, 911 కి కాల్ చెయ్!"

"అమ్మమ్మ సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ దగ్గరికొచ్చింది కదమ్మా. డ్రగ్స్ అని రాసుకుంటే..."

"లా గురించి నేను వర్రీ అవుతాను. నువ్వు అమ్మమ్మ గురించి వర్రీ అవ్వు. నౌ!"

చేశాను. కానీ వాళ్ళు వచ్చేలోగా పొట్లం జేబులో పెట్టుకున్నాను.

అంబులెన్స్‌లో వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకామె మా ఆవిడ పక్కన మోకాళ్ళమీద కూర్చుంది. రెండోవాడు తలెత్తి షవర్ క్యాప్ చూశాడు, తలుపు దగ్గర తువ్వాలు చూశాడు, తరవాత నన్ను చూశాడు. దొంగతనంగా పొగ తాగేవాళ్ళు కూడా సరిగ్గా ఇలాగే చేస్తారట. ఆ సంగతి నాకు తరవాత తెలిసింది.

"ఏం పీల్చింది?"

"ఇన్సెన్స్. చిటికెడు."

జీవితమంతా గోరంతని కొండంత చేసినవాణ్ణి. ఆరోజు కొండని గోరంత చేశాను. అంబులెన్స్‌లో నన్నూ ఎక్కించుకున్నారు. కాస్త దూరం వెళ్ళాక మా ఆవిడ చేతులు బిగుసుకుపోయాయి, ఒళ్ళంతా కొట్టుకోవడం మొదలైంది. అంబులెన్స్ ఆమె నా మీద అరిచింది: "ఎంత? ఎంతసేపు? సరిగ్గా చెప్పండి!"

జేబులోంచి పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాను. "చిటికెడు కాదు. సగం పైనే వేశాను. తలుపు మూసేశాను. కాఫీ కలుపుకుని, తాగి, కప్పు కడుక్కునేదాకా ఆవిడ లోపలే ఉంది."

ఆమె నన్ను తిట్టలేదు. వెంటనే ఫోన్‌లో ఆస్పత్రికి ఆ మాటలే చెప్పింది.

దీనికి విరుగుడంటూ లేదని డాక్టరు చెప్పాడు. మామూలు పరీక్షల్లో కూడా ఇది బయటపడదట. మూర్ఛ ఆగడానికి మందిచ్చి, గుండెనీ ఊపిరినీ కనిపెట్టుకుని ఉండటమే. గాజు తలుపు ఇవతల మనవరాలు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"ఏదో ఎండుటాకు మీద కెమికల్ స్ప్రే చేస్తారు తాతయ్యా. గవర్నమెంట్ ఒకటి బ్యాన్ చేస్తే, మాలిక్యూల్‌లో చిన్న పీస్ మార్చి కొత్తది అమ్ముతారు. ఇప్పుడు ఆ రకం కెమికల్స్ ఫ్యామిలీ మొత్తాన్ని బ్యాన్ చేస్తున్నారు. అయినా కొత్తవి వస్తాయి."

"మరి మనుషులకి కాదని ఎందుకు రాస్తారమ్మా?"

"లా నుంచి తప్పించుకోడానికి. కొనేవాళ్ళందరికీ అది ఎందుకో తెలుసు." నా చెయ్యి నొక్కి, "నీకు తప్ప" అంది.

పోలీసాయన వచ్చి, తెలిసి కొన్నారా అని అడిగాడు. కొట్లో కెమెరా ఉంటుంది. నేనన్నది అందులో ఉండే ఉంటుంది. "తరతరాలుగా మా ఇంట్లో ఉందని చెప్పాను" అన్నాను. మనవరాలు మొహం చేతుల్లో దాచుకుంది. తరవాత క్లాజెట్ సంగతి, దేవుడి సంగతి, క్యాప్, తువ్వాలు అన్నీ చెప్పాను. ఏదీ పెంచలేదు, ఏదీ తగ్గించలేదు. నా అంత రుచీపచీ లేకుండా ఎవరూ ఏదీ చెప్పి ఉండరు. ఆ కొట్టు ఎక్కడో మాత్రం ఆయన రెండుసార్లు అడిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

మర్నాడు మా ఆవిడ నన్ను గుర్తుపట్టింది. తడారిపోయిన గొంతుతో మొదట అడిగింది ఇదే: "హారతి ఇచ్చారా?"

"ఇచ్చాను" అన్నాను. ఇవ్వలేదు. ఆ సంగతి ఇప్పుడు ఇది చదివి తెలుసుకుంటుంది.

ఇప్పుడు మా ఇంట్లో ధూపం లేదు. క్యాప్ బాత్‌రూమ్‌లోకి వెళ్ళిపోయింది. శనివారం క్లాజెట్ తలుపు బార్లా తెరిచి ఉంటుంది. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఆవిడ చదువుతూ చదువుతూ గొంతు సవరించుకోవడానికి ఆగుతుంది. నేను లేచి నిలబడతాను.

"ఉన్నానండీ, కూర్చోండి" అంటుంది వెనక్కి తిరక్కుండానే. మళ్ళీ పాదం అందుకునేదాకా నేను కూర్చోను.