బిళ్ళలు అంటుకుంటాయట!

నేను ఐదో తరగతితో బడి మానేశాను. బడి కూడా నన్నేమీ బతిమాలలేదు. నా వైద్యవిద్య మాత్రం అంతకుముందే పూర్తయింది. మొన్న చెల్లెలికి తోడుగా ఆస్పత్రికి వెళ్తే, స్పిరిటు వాసనకి అదంతా గుర్తొచ్చింది.

అప్పుడు మేం బొర్రాలో ఉండేవాళ్ళం. ఒకరోజు నా దవడలు రెండూ బూరెల్లా పొంగాయి. చెల్లెలు అప్పటికి నెలల పిల్ల. జ్వరం నుంచి అప్పుడే తేరుకుంది. ఇంకో జబ్బు తగిలితే దక్కదని అమ్మ భయం. దాన్ని నాయనమ్మకి అప్పగించి, నా ముఖానికి తువ్వాలు చుట్టి, రైల్లో అరకు తీసుకెళ్ళింది.

అక్కడి డాక్టరు నా మెడ నొక్కి చూసి, "గవదబిళ్ళలమ్మా. అంటుకుంటాయి, జాగ్రత్త," అన్నాడు.

ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. బిళ్ళలంటే మందేననీ, అంటుకునేది గొంతులోననీ అనుకున్నాను.

"బెల్లంముక్కతో మింగేస్తే అంటుకోవు కదండీ?" అన్నాను.

డాక్టరు నవ్వాడు. అమ్మ నవ్వలేదు. "ఇంటికాడ సంటిది ఉంది బాబూ. ఈ గుంటడ్ని ఏటి సెయ్యమంటారు?" అంది.

"వాపు తగ్గేదాకా ఆ పిల్ల దగ్గరికి రానివ్వకు."

అన్నాళ్ళూ నన్ను వసారాలోనే ఉంచింది. పొద్దున్నే చెల్లెలి దవడలు తడిమి చూసుకున్నాకే పొయ్యి ముట్టించేది. నేను గుమ్మం ఇవతల నుంచి వెక్కిరిస్తే, లోపల అది కిలకిలా నవ్వేది. దానికేమీ రాలేదు.

మొన్న ఆస్పత్రిలో, "నీకు అంటకుండా కాపాడింది నేనే," అని చెల్లెలి దగ్గర గొప్పలు పోయాను.

"గవదబిళ్ళలు అంటనేదు గాని అన్నియ్యా, నీ ఎటకారం గుమ్మం దాటొచ్చి మరీ అంటేసింది," అంది. "అందుకే మా అత్తోరింట్లో నాతో ఎవులూ నెగ్గనేరు."