నా నవలలో హంతకుణ్ణి మార్పించిన బాబాయ్

మంగళవారం పొద్దున బెంగళూరు శివార్లలోని హెబ్బగోడి బస్టాపులో ఉండగా ఫోన్ వచ్చింది. అవతల బాబాయ్ కూతురు. "అక్కా, నాన్న పోయినాడు. కాఫీ అడిగినాడు. నేను కలుపుకొని వచ్చేసరికి..." అని ఆగిపోయింది. నేను ఎక్కాల్సిన జిగణి బస్సు వచ్చి వెళ్లిపోయింది. ఆఫీసుకు రానని చెప్పి, బాబాయ్ వాళ్లుండే చందాపుర బస్సెక్కాను.

ఆయన నాకు బంధువు కారు. జిగణిలో అట్టపెట్టెలు తయారు చేసే మా ఫ్యాక్టరీకి పగటిపూట గేటు కాపలా ఆయనది. పెట్టెల డిజైన్లు గీయడం నా ఉద్యోగం. అందరూ ఆయన్ని "సెక్యూరిటీ!" అని కేకేసేవారు. కృష్ణా జిల్లా నుంచి కొత్తగా వచ్చిన నాకు తండ్రి వయసు మనిషిని అలా పిలవడానికి నోరు రాలేదు. బాబాయ్ అన్నాను. ఆయన నన్ను పాపా అన్నారు.

వాళ్లది తరాలుగా ఆనేకల్ పక్క ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. తెలుగు అక్షరాలు ఆయనకు రావు. నేను నవల రాస్తున్నానని తెలిసినప్పుడు, "నాకు చదివేకి రాదు. నువ్వు చదువు, నేను వింటా" అన్నారు. అలా మధ్యాహ్నం భోజనాల అరగంట గేటు గదిలో మా ఇద్దరికీ అలవాటైంది. నేను కూర్చునే ముందు కుర్చీని తువ్వాలుతో తుడిచేవారు. కళ్లు మూసుకుని వినేవారు. అధ్యాయం కాగానే ఎవరి మీద అనుమానమో చెప్పేవారు. ఒకసారి ఒక లారీ డ్రైవరు కిటికీలో తల పెట్టి గేటు తీయమంటే, ఆయన కళ్లు తెరవకుండానే, "స్వల్ప ఇరప్పా, ఇల్లి కొలె ఆగ్తా ఇదె" అన్నారు. కొంచెం ఉండు, ఇక్కడ హత్య జరుగుతోంది అని. ఆ డ్రైవరు రెండడుగులు వెనక్కి వేశాడు.

నవలకు మూలం మీకందరికీ తెలిసిన పురాణ కథే. ఏడు రోజుల్లో పాము కాటుతో చస్తావని రాజుకు శాపం తగులుతుంది. ఒంటిస్తంభపు మేడ కట్టించుకుని, చుట్టూ కాపలా పెట్టుకుని అందులో కూర్చుంటాడు. ఏడో రోజు పాము ఒక పండులో పురుగై లోపలికి వెళ్తుంది. నేను రాజును బెంగళూరులో అపార్టుమెంట్లు కట్టే యజమానిని చేశాను. మేడను ముప్పయ్యో అంతస్తు చేశాను. బెదిరింపు ఉత్తరం, ఏడు రోజుల గడువు, చివరికి ఒక పళ్లబుట్ట.

"గాలి పోయేకి లేదంటివే, పండెట్ల పొయ్యింది పాపా?" అని ఆయన మొదటి రోజు నుంచీ అడుగుతూనే ఉన్నారు. చెప్పనని ఊరించాను.

చివరి అధ్యాయం చదివే రోజు వచ్చింది. నా కథలో పళ్లబుట్ట లోపలికి పంపింది గేటు దగ్గరి వాచ్‌మన్. నవల వేస్తానన్న హైదరాబాదు ప్రచురణకర్తకు ఆ ముగింపు ఎంతో నచ్చింది. "వాచ్‌మన్‌ని ఎవరూ అనుమానించరండీ, అదే మజా" అన్నారాయన. బాబాయ్ మాత్రం అది వినగానే లేచి వెళ్లి గేటు తీశారు. మూడు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. నాలుగో రోజు నేనే అడిగాను.

అప్పుడు చెప్పారు. వయసులో ఉండగా వేరే ఫ్యాక్టరీలో, ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు రాగితీగ చుట్టలు కనబడకుండా పోయాయట. నేనే తీశానని సంతకం పెట్టు, పోలీసుల దాకా పోకుండా వదిలేస్తాం అని యాజమాన్యం వాళ్లు అన్నారట. ఆయన పెట్టలేదు. లోపలికి రానివ్వకపోతే రోజూ డ్యూటీ వేళకు యూనిఫాం వేసుకుని వెళ్లి, గేటు బయట సాయంత్రం దాకా నిలబడ్డారు. పదకొండు రోజులు. పన్నెండో రోజు ఆ చుట్టలు వాళ్ల గోడౌన్‌లోనే వేరే సరుకు వెనక దొరికాయి.

"తప్పయిందని ఎవురూ అన్లే. ఆ పొద్దు డ్యూటీ పూర్తిగా చేసినా. మర్రోజు నేనే మానుకుంటి."

"అంటే వాచ్‌మన్ దొంగ కాకూడదా బాబాయ్?"

"నేను అట్ల అన్లే. దొంగయితే కానీ. నీ పుస్తకమంతా ఇన్నా గదా, వానికి పేరన్నా ఉండాదా? ఇల్లుండాదా? కడాకొచ్చి, సుమ్నె, ఊరికెనే దొరికినాడని వాని మీద ఏసేస్తివి."

"పాఠకుడికి అనుమానం రాకూడదు కదా!"

"అనుమానం రాకుండా ఉండేది వేరే. మనిషే కనపడకుండా ఉండేది వేరే."

 వారం రోజులు రాతప్రతిని మళ్లీ చదివాను; వాచ్‌మన్‌కు ఎక్కడా పేరు లేదు. ముగింపు మారుస్తానంటే ప్రచురణకర్త ఒప్పుకోలేదు. రాతప్రతి వెనక్కి తీసుకున్నాను. సంగతి తెలిసి బాబాయ్ కోప్పడ్డారు. "నాకోసరం పుస్తకం పోగొట్టుకుంటివా?"

"మీకోసం కాదు. మీరన్నది నిజం కాబట్టి."

"అట్లయితే బేజారు పడొద్దు. రాయి" అన్నారు.

రాశాను. ఏడాది పైన పట్టింది. అదే పురాణంలో ఒక వైద్యుడున్నాడు. ఆ విషానికి విరుగుడు తెలిసినవాడు. రాజును బతికించడానికి బయలుదేరి, దారిలో పాము ఇచ్చిన బంగారం తీసుకుని వెనక్కి తిరిగి పోతాడు. ఇన్నాళ్లూ ఆ మనిషిని దాటేసి చదివానని అప్పుడు అర్థమైంది. కొత్త ముగింపులో దోషి ఆ వైద్యుడే. వాచ్‌మన్ పళ్లబుట్టను ఆపుతాడు. పైనుంచి ఫోన్ చేసి వదలమంటే, నేను వద్దన్నానని గేటు పుస్తకంలో రాసి మరీ వదులుతాడు. చివరికి సాక్ష్యానికి నిలబడేదీ అతనే. బాబాయ్ పేరు పెడతానంటే ఆయన వద్దన్నారు. "నాది నాకుండనీ. వానికి వాని పేరు పెట్టు."

ఈలోగా ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరి డ్యూటీ మానేశారు. ఆదివారాలు చందాపుర వెళ్లి చదివి వినిపించేదాన్ని. దగ్గు వస్తే ఆపమని సైగ చేసేవారు, తగ్గగానే "ఊఁ" అనేవారు. ఒక్క అధ్యాయం కూడా వదలనివ్వలేదు.

కొత్తగా ఒక చిన్న ప్రచురణ సంస్థ నవల వేస్తామంది. అయితే వాచ్‌మన్ ఇల్లు, అతని భార్య వచ్చే పేజీలు తీసేస్తే కథ పరుగెడుతుందని ఉత్తరం రాశారు. బాబాయ్ అంత్యక్రియలయిన మర్నాడు జవాబు రాశాను: ఒక్క పేజీ కూడా తీయను. ఇంకా వాళ్లేమీ చెప్పలేదు. కాదంటే ఇంకొకరి దగ్గరికి వెళ్తాను.

ఆయన్ని చివరిసారి చూసింది పోయిన నెల ఒక ఆదివారం. ఆఖరి అధ్యాయం వినిపించాను. "ఇప్పుడు సరిపొయ్యింది" అన్నారు, అంతే. వద్దంటున్నా వినకుండా, గోడ పట్టుకుంటూ నాతో మెయిన్ రోడ్డు దాకా వచ్చారు. నేను దాటాలి, వాహనాలు ఆగడం లేదు. ఆయన లుంగీతో, పాత స్వెట్టరుతో, ఉత్త కాళ్లతో రోడ్డు మీదికి దిగి చెయ్యెత్తారు. ముందు ఒక స్కూటర్ ఆగింది, దాని వెనక బస్సు ఆగింది. నేను అవతలికి చేరి వెనక్కి చూశాను. బస్సు హారన్ కొడుతోంది. ఆయన చెయ్యి ఇంకా దించలేదు. నేను ఫుట్‌పాత్ ఎక్కానో లేదో అని మెడ చాచి చూస్తున్నారు.