తాయారమ్మ అయిదు కుండలు

తాయారమ్మ మెత్తటి మనిషని ఎవరైనా అన్నారంటే, వాళ్ళు ఆమెతో కలిసి ఒక్కసారి కూడా కూరగాయల బండి దగ్గర నిలబడలేదన్నమాట. ఢిల్లీ మయూర్ విహార్‌లో బండివాడు పాలిథిన్ సంచీ ఊదబోతే చాలు, "రహ్‌నే దో భయ్యా" అని కసిరి, మొగుడి పాత ప్యాంట్లు చింపి కుట్టిన గుడ్డసంచీ నోరు తెరిచి పట్టుకునేది. పెరుగు తేవడానికి స్టీలు గిన్నె. బట్టలు జాడించిన నీళ్ళు బాత్రూము కడగడానికి, బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు మొక్కకి. ఇదంతా ఆమె ఏ పుస్తకంలోనూ చదవలేదు. తెనాలి పక్క పల్లెలో ఆమె పుట్టిన ఇంట్లో ఏదీ ఊరికే పారేసేవాళ్ళు కాదు, అంతే. ఢిల్లీ వచ్చిన కొత్తలో అందరూ పారేస్తున్నారని తనూ కొన్నేళ్ళు పారేసింది. ఆ సంగతి దాచుకోదు కూడా.

మానేసిన రోజు మాత్రం ఆమెకు బాగా గుర్తు. 2003 చలికాలం. మందుల షాపుకని తాముండే ఫ్లాట్ల సొసైటీ వెనక వీధిలో నడుస్తోంది. అక్కడ చెత్త పోసే షెడ్డు ముందు ఒకావిడ గొంతుక్కూర్చుని నల్ల సంచీలు విప్పుతోంది. అన్నం, కూర, గాజుపెంకులు అన్నీ కలిసిపోయిన ముద్దలో చెయ్యి పెట్టి కాగితాలు, సీసాలు ఏరుతోంది. ఆ చేతి నిండా నమిలి ఉమ్మిన ములక్కాడ పిప్పి.

తాయారమ్మ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. నలభై ఎనిమిది ఫ్లాట్ల ఆ సొసైటీలో అప్పటికి సాంబారులో ములక్కాడలు వేసుకుని నమిలే ఇల్లు ఒక్కటే. ఆ పిప్పి తనది, తన మొగుడిది, తన కూతురిది.

మన ఇళ్ళలో ఎంగిలికి ఎంత పట్టింపో చెప్పనక్కర్లేదు. ఎంగిలి చేత్తో ఉప్పు డబ్బా ముట్టుకుంటే తాయారమ్మ అత్తగారు ఇల్లు పీకి పందిరేసేది. అలాంటి ఇంటి కోడలి ఎంగిలి, పేరైనా తెలియని ఒక ఆడమనిషి గోళ్ళ సందుల్లో ఇరుక్కుని ఉంది! తాయారమ్మ ఇంటికొచ్చి రెండుసార్లు చేతులు కడుక్కుంది, తను దేన్నీ ముట్టుకోకపోయినా. సిగ్గుతో ఆ పూట అన్నం సహించలేదు.

"ఇదిగో చెబుతున్నా. ఇవాళ్టి నించి మన ఎంగిలి ఇంకొకళ్ళ చేతికి అంటడానికి వీల్లేదు," అంది భర్తతో.

"ఠీక్ హై," అన్నాడు వీరరాఘవులు. ఆయన ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. ఇంట్లో "ఠీక్ హై", ఆఫీసులో "ఎస్ సార్" అనే రెండు ముక్కలతో ఇరవయ్యేళ్ళకు పైగా నెట్టుకొచ్చిన పెద్దమనిషి. కుక్కిన పేనైనా ఎప్పుడో ఒకప్పుడు కదులుతుందేమో గానీ ఆయన కదలడు.

మర్నాడే ఆమె రోడ్డు పక్క కుమ్మరి దగ్గర అయిదు కుండలు కొంది. చుట్టూ బెజ్జాలు పొడిచి, తమ మూడో అంతస్తు పైనున్న డాబా మీద గోడవారగా పెట్టింది. తొక్కలు, పిప్పి, కాఫీపొడి మడ్డి ఒక వరస, ఎండిన వేపాకులు ఒక వరస, పైన పుల్లమజ్జిగ చిలకరింపు. ఊడ్చేవాళ్ళు ఆకులు కుప్ప చేసి తగలబెట్టబోతుంటే అగ్గిపెట్టె లాక్కుని మరీ గోతాల్లో నింపుకొచ్చేది. మూడు నెలలకి కుండలో నల్లటి ఎరువు, అందులో ఎర్రటి వానపాములు. కాగితాలు, కడిగిన సీసాలు నేరుగా పాతసామాన్లు కొనే కబాడీవాలాకే. రెండేళ్ళు గడిచినా డాబా మీద ఆ కుండలున్నాయని ఎవరికీ పట్టలేదు.

2005 మే నెలలో పట్టింది. ముక్కుకి పట్టింది.

డాబా మీంచి మెట్ల దాకా ఒకటే కంపు. శుక్రవారానికల్లా నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. కుండల సంగతి ఆదివారం మీటింగులో తేలుస్తారట. కింద సొసైటీ ప్రెసిడెంటు రఘురామ్ సంతకం. ఆయనా తెలుగువాడే, వచ్చి ఏడాదయింది. అంతకన్నా ముఖ్యం, వీరరాఘవులు పనిచేసే శాఖలోనే డిప్యూటీ సెక్రటరీ. ఏటా ఈయన పనితీరు మీద రహస్య నివేదిక రాసేది ఆయనే.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అన్నారా?" అన్నాడు వీరరాఘవులు, చొక్కా కూడా విప్పకుండా. "నా ప్రమోషను ఈ ఏడు రావాలి. ఆ కుండలు తీసెయ్యవే, నీకు పుణ్యముంటుంది."

"మమ్మీ, బస్ కరో నా. సబ్ హమ్‌పే హస్ రహే హైఁ," అంది కూతురు వర్షిణి గదిలోంచి.

"నవ్వేవాళ్ళని నవ్వనీ. పళ్ళు వాళ్ళవేగా," అని తాయారమ్మ డాబా ఎక్కింది.

మూడో కుండ మూత తీయగానే ఆమే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. లోపల వానపాములు తెల్లగా చచ్చి తేలుతున్నాయి. ఆ పైన ఎర్రటి నూనె. అప్పుడు తట్టింది ఏం చేసిందో. పోయిన వారం ఊరినుంచి కొత్త ఆవకాయ వచ్చింది. జాడీలో సగం మిగిలిన నిరుటి ఆవకాయ బూజు పట్టింది. తినే వస్తువు చెత్తలో వేయడానికి చెయ్యి రాక, ఇదీ తిండేగా అని తీసుకెళ్ళి కుండలో గుమ్మరించింది. ఆ ఉప్పు, ఆ ఆవపిండి, ఆ నూనె! జలగ మీద ఉప్పు వేస్తే ఏమవుతుందో చిన్నప్పటినుంచీ తెలిసిన మనిషి. ఆమెకి ఆ మాత్రం తోచలేదు. భూమ్మీద మన తెలుగువాళ్ళు తప్ప ఇంకే జాతివాళ్ళూ ఈ పొరపాటు చేయరు గాక చేయరు.

కుండ పక్కన కూలబడి కాసేపు ఏడ్చింది. ఆ తర్వాత కొంగు దోపుకుని, ఆ ముద్దనంతా ఎండలో పలచగా పరిచి, మట్టీ ఎండాకులూ కలిపింది. కుండ కడిగి బోర్లించింది. ఆదివారానికి డాబా మీద వాసన లేదు.

మీటింగు కింద పార్కింగులో పెట్టారు. తాయారమ్మ అందరికంటే ముందు లేచి, తనకొచ్చిన హిందీలో తప్పు తనదేనని ఒప్పుకుంది. ఊరగాయ సంగతి కూడా దాచలేదు. జనం నవ్వారు. "కంపు పోయింది. మళ్ళీ రాదు. కుండలు మాత్రం తీయను," అంది.

రఘురామ్ తెలుగులోకి దిగాడు. "మనవాళ్ళు కదా అని చెబుతున్నా తాయారమ్మ గారూ. మునిసిపాలిటీ బండి వచ్చి అంతా తీసుకుపోతోంది. మీకెందుకు ఈ శ్రమ?"

"ఎక్కడికి తీసుకుపోతోందండీ?"

"ఘాజీపూర్ చెత్తగుట్ట‌కి."

"అక్కడా ఏరేది మనుషులేగా. మీరు తిని ఉమ్మింది మీరు ముట్టుకోరు, మీ ఆవిడ ముట్టుకోదు. వాళ్ళెందుకు ముట్టుకోవాలి?"

రఘురామ్ మొహం ఎర్రబడింది. "డాబా కామన్ ఏరియా. చేతులెత్తండి," అన్నాడు అందరికేసీ తిరిగి. కుండలు తీయించాలని ముప్ఫై ఒక్క చేతులు లేచాయి, ఉండాలని నాలుగు. వీరరాఘవులు చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. తాయారమ్మ అది చూసింది. ముప్ఫై ఒక్క చేతులు పెట్టని బాధ ఆ రెండు చేతులు పెట్టాయి. బుధవారంలోగా డాబా ఖాళీ చేయాలని రాసుకుని మీటింగు ముగించారు.

ఆ సాయంత్రమే ఆమె మొదటి కుండ చంకనెత్తుకుని డాబా మెట్లు దిగింది. రెండోది దింపేటప్పటికి మోకాలు పట్టేసింది. మూడోదానికోసం పైకి ఎక్కుతుంటే ఎదురుగా వీరరాఘవులు కుండ మోసుకుని, మీటింగుకి వేసుకొచ్చిన బూట్లతోనే దిగుతున్నాడు. మిగతా మూడూ ఆయనే దింపాడు.

బుధవారం సాయంత్రం కాలింగ్ బెల్లు మోగింది. రఘురామ్. డాబా చూసి వస్తున్నాడు, మొహం వెలిగిపోతోంది. "థాంక్యూ రాఘవులు గారూ. గొడవ లేకుండా తేల్చేశారు," అంటూ సోఫాలో కూర్చున్నాడు. తాయారమ్మ ఫిల్టర్ కాఫీ తెచ్చిచ్చింది. ఆయన సగం తాగి, గ్లాసు పక్కనే ఉన్న ఎత్తుపీట లాంటిదాని మీద పెట్టాడు. దాని మీద లేసు గుడ్డ, గుడ్డ మీద టెలిఫోను.

"ఇంతకీ ఎక్కడ పడేయించారండీ వాటిని?" అన్నాడు.

"పడేయడమెందుకండీ?" అని తాయారమ్మ లేసు గుడ్డ అంచు పైకెత్తింది. "మీరు గ్లాసు పెట్టింది దాని మీదే. ఇంకో రెండు ఆ కిటికీ కింద, రెండు మీ సోఫా వెనక."

రఘురామ్ దిగ్గున లేచాడు. అప్రయత్నంగా ముక్కు మీదకి చెయ్యి పోయింది. గదిలో డికాక్షన్ వాసన తప్ప ఇంకేమీ లేదు. పది నిమిషాలుగా కుండల మధ్యే హాయిగా కాఫీ తాగుతున్నానని ఆయనకీ అర్థమైంది. ముక్కు మీది చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తాయారమ్మ వైపు చూడకుండా, బలహీనమైన చోటు చూసుకుని మాట్లాడాడు. "ఇది కూడా కమిటీలో పెట్టాల్సి వస్తుంది రాఘవులు గారూ. రేపు పదకొండింటికి నా చాంబర్‌కి రండి. మాట్లాడదాం."

వీరరాఘవులు లేచి నిలబడ్డాడు. ఆయన నోట "ఎస్ సార్" వస్తుందని తాయారమ్మకి తెలుసు. తలుపు పక్క నిలబడ్డ వర్షిణికీ తెలుసు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఫైలేదన్నా ఉంటే వస్తాను సార్. కుండల గురించైతే రాను. ఇది కామన్ ఏరియా కాదు. మా హాలు."

రఘురామ్ మిగిలిన సగం కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు. ఈ ఏటి నివేదికలో ఏం రాస్తాడో ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

ఆ పూట ములక్కాడల సాంబారు. అన్నం తిన్నాక తాయారమ్మ కంచం తీయబోతే వీరరాఘవులు, "ఉండవే," అన్నాడు. పెళ్ళయిన పాతికేళ్ళలో తిన్న కంచం ఎత్తి ఎరగని మనిషి, పిప్పి ఉన్న కంచం చేత్తో పట్టుకుని హాల్లోకి నడిచాడు. టెలిఫోను కింద పెట్టి, లేసు గుడ్డ మడిచి, మూత తీసి, తన ఎంగిలి తనే వేళ్ళతో ఊడ్చి కుండలో వేశాడు.

"ఆకులు ఎన్నేయాలి?" అని అడిగాడు.