తేనెటీగల కోసం తవ్విన గుంత

మొన్న ఆదివారం పొద్దున్నే, ఏడాదిన్నరగా పెంచిన నా తోటలో ఒక్క పువ్వూ మిగల్లేదని గమనించాను. దొంగలు పడ్డ ఇంటి ముందు నిలబడ్డ మనిషికి మొదట ఏం తోస్తుందో అప్పుడు తెలిసింది: ఏమీ తోచదు.

గుజరాత్‌లోని కామ్‌రేజ్‌లో మా హౌసింగ్ సొసైటీ గేటు పక్కన వానొస్తే మోకాలి లోతు నీరు నిలిచేది. మొదటి లాక్‌డౌన్‌లో, హజీరాలోని నా ఇంజనీరింగ్ ఆఫీసు ఇంట్లోకే వచ్చేశాక, నాకొక ఆలోచన పుట్టింది. అక్కడ వెడల్పాటి గుంత తవ్వి, ఇసుక, కంకర పరిచి, నీటిని మెల్లగా భూమిలోకి ఇంకించాలి. పైన తేనెటీగలు వాలే మొక్కలు పెంచాలి. నాది కాకినాడ వైపు. మొక్కల సంగతి కరీంనగర్‌లో పుట్టిన నా భార్య సుజాతకే ఎక్కువ తెలుసు.

"తడి నిలిచే కాడ గునుగు, గట్టు మీద తంగేడు, చుట్టూ బంతి పెట్టున్రి. తేనెటీగలు ఇడిచిపెట్టవు," అంది. ఆమెకు జీవరాశి మీద ఇంత దయ ఉందని ఇన్నేళ్లూ గుర్తించనందుకు లోలోపల నొచ్చుకున్నాను.

మా సొసైటీ ప్రముఖ్, అంటే గుజరాతీలో అధ్యక్షుడు, ఆ గుంతను మొదటి నుంచీ దోమల తొట్టిగానే చూశారు. ఆదివారం సాయంత్రం కమిటీతో వస్తాననీ, తేనెటీగలు కనిపిస్తే సరే, లేకపోతే సిమెంటుతో పూడ్పిస్తాననీ మాస్కు లోంచే తేల్చేశారు. ఆ ఆదివారమే నాకు మిగిలినవి ఆకులు.

వాచ్‌మన్‌ను అడగబోయి, ఎందుకో ఇంట్లోకి తిరిగొచ్చాను. హాల్లో ఇత్తడి పళ్లెంలో నా నడుమెత్తు బతుకమ్మ. చుట్టూ మరమగ్గాల పనికి కరీంనగర్ వైపు నుంచి వలస వచ్చిన కుటుంబాల ఆడవాళ్లు నలుగురు. కిటికీలోంచి వచ్చిన నా తేనెటీగలు దాని మీదే తిరుగుతున్నాయి.

"అవి తేనెటీగల కోసం పెట్టినవి, సుజాతా," అన్నాను.

"ఏడాది మొత్తం అవే తాగినయి. ఇయ్యాల సద్దుల బతుకమ్మ. పోయినేడు మన మొక్కలు పూతకు రాలే, బయట పూలు దొరకక పసుపు ముద్దతోనే సరిపెట్టిన. మరి తంగేడు ఎందుకు పెట్టమన్న అనుకున్నరు?"

కరోనా ఆంక్షల వల్ల సాయంత్రం తాపీ నది ఘాట్‌కు గుంపుగా పోనివ్వరని ఆడవాళ్లు అన్నారు. ముందు రాత్రి వానకు నా గుంత నిండి ఉంది. ప్రముఖ్ కమిటీతో వచ్చేసరికి, ఆడవాళ్లు అందులోనే బతుకమ్మను సాగనంపుతున్నారు. సిమెంటు లారీ శబ్దం అప్పుడే నా చెవుల్లో మొదలైంది. ఆయన గట్టు దాకా వచ్చి గుంతలోకి తొంగి చూశారు. తర్వాత చెప్పులు విప్పి, చేతులు జోడించారు.

"ఇంజనీర్ సాబ్, ఇది నిమజ్జనం కోసమని ముందే చెప్పొద్దూ? వచ్చే ఏడు మన గణపతి కూడా ఇక్కడే."

గుంత బతికింది. మర్నాటికి నీరంతా ఇంకిపోయింది. అడుగున మిగిలిన బతుకమ్మ తడి గునుగు మీద తేనెటీగలు వాలాయి. నా లెక్క వెంట్రుకవాసి కూడా తప్పలేదు. ఆ ఆనందంలో ఉండగానే ప్రముఖ్ ఫోన్ చేశారు. అంతా బాగుందట, ఒక్కటే లోపమట.

"నీళ్లు నిలవడం లేదు సాబ్. అడుగున కాస్త సిమెంటు వేయించండి."