కత్తిరించిన కూపన్

కెనడాలోని సర్రీలో నేను అద్దెకున్న బేస్‌మెంట్ పైన మా ఓనరు ఆంటీ ఉండేవారు. రిటైరైన డాక్టరు. డెబ్బై ఎనభై ఏళ్లనాటి హాలీవుడ్ సినిమా పత్రికలంటే ఆవిడకు ప్రాణం. కానీ తారల బొమ్మలు చూసి కొనేవారు కాదు. పౌడరు ప్రకటన మూలన, కత్తిరించి పంపితే ఉచితంగా కాస్త పౌడరు పంపుతామంటూ ఉండే శాంపిల్ కూపన్‌ని ఎవరో కత్తిరించేసిన ప్రతులనే ఏరుకునేవారు. ఆ కన్నం చుట్టూ వేలు తిప్పుతూ, "చూడమ్మా, ఎవరో పేరు రాసి పోస్ట్ చేసేశారు," అని మురిసిపోయేవారు.

ఒకరోజు అడిగారు: "మేకప్ కోర్సుకి అప్లై చేశావా?"

"ఫామ్ నింపేశా ఆంటీ. రిజెక్ట్ చేస్తారేమోనని సబ్మిట్ చేయలేదు."

పొరపాటున కొన్న ఒక పత్రిక తెచ్చి చూపించారు. అందులో కూపన్ చెక్కుచెదరలేదు. "ఎంత నీట్‌గా ఉందో! ఇన్నేళ్లూ ఒక్కరూ అడిగి చూడలేదు."

నాకు రోషం వచ్చింది. అక్కడే ఫోన్ తీసి సబ్మిట్ నొక్కేశాను. ఆంటీ నా చేతిలో కత్తెర పెట్టారు.

"సీటు రానీయండి ఆంటీ, అప్పుడు కత్తిరిస్తా."

"వస్తుందని తెలిశాక కూపన్ ఎవరు కత్తిరిస్తారే?"

ఇప్పుడు షూటింగులకు తీసుకెళ్లే నా మేకప్ పెట్టెలో, అడుగున, కన్నమున్న ఆ పత్రిక ఉంటుంది.