గొల్యాతు తొడుక్కున్న గళ్ల చొక్కా

గొల్యాతు మా అమ్మమ్మ కాలంలో పుట్టి ఉంటే దావీదు హాయిగా గొర్రెలు కాసుకుంటూ ఉండిపోయేవాడు. వడిసెల అక్కర్లేదు, రాళ్లు ఏరుకునే పని లేదు. మెడలో టేపు వేసుకుని, పెదవుల మధ్య గుండుసూదులు బిగించి, "చేతులెత్తు" అంటూ మా అమ్మమ్మ ఎదురెళ్తే చాలు. అంతటి రాక్షసుడూ ఈటె గోడకానించి, బుద్ధిగా కొలతలిచ్చి, "ఎప్పుడు రమ్మంటారమ్మా" అని అడిగి వెళ్లిపోయేవాడు. చొక్కా మాత్రం చెప్పిన రోజుకి అందేది కాదు. అది వేరే సంగతి.

మా అమ్మమ్మ దర్జీ. వీధి వైపు గదిలో కిటికీ కింద ఆమె మిషను, దాని పక్కన బట్టలు కత్తిరించే బల్ల, బల్ల కింద మిగిలిన ముక్కలు కుక్కిన గోనెసంచి. కాజాలు కుట్టడం, గుండీలు వెయ్యడం నా వంతు. బడికీ నాకూ ఎక్కువ రోజులు పొసగలేదు కాబట్టి నా చదువు చాలావరకు ఆ గోనెసంచి పక్కనే సాగింది. ఆదివారం వచ్చిందంటే ఆమె చర్చి వెనక గదిలో పిల్లలకు పాఠం చెబుతుంది. ఎదురుగా అందరూ టీచరమ్మ అంటారు. వెనకాల కత్తెరమ్మ అంటారు. వెనకాల అన్నది కూడా ఆమెకు వినపడుతుంది.

ఆమె పాఠానికి పుస్తకం అక్కర్లేదు. ఒక చెక్క పలకకు పాత ఉన్ని దుప్పటి బిగించింది. బైబిల్లోని మనుషుల్ని అరచెయ్యంత గుడ్డబొమ్మలుగా కుట్టింది. కథ నడుస్తున్నకొద్దీ బొమ్మలు ఒక్కొక్కటీ వచ్చి ఆ దుప్పటికి అంటుకుంటాయి. అంతవరకు ఏ టీచరైనా చేసే పనే. కానీ ఆ బొమ్మల బట్టలు గోనెసంచిలోంచి వస్తాయి. అంటే మా వీధివాళ్లు కుట్టించుకున్న బట్టల్లో మిగిలిన ముక్కలు. ఎవరి ముక్క ఎవరి ఒంటి మీదికి వెళ్లాలో తేల్చేది అమ్మమ్మ.

జ్వరంతో వేగిపోతున్న పక్కింటి పిల్లను భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తిన నర్సు ఎస్తేరు రాణి అయింది. కుళ్లిన గుడ్లు అంటగట్టిన కొట్టతను ఫరో సైన్యంలో చేరి, సముద్రంగా పరిచిన నీలం తువ్వాలు కింద ఏటా మునిగిపోతున్నాడు. పిల్లల చెవులు మెలిపెట్టే లెక్కల మాస్టారి ప్యాంటు గుడ్డ దానియేలు ముందున్న సింహానికి దక్కింది, అదీ నోరు మూసుకున్న సింహానికి. పిల్లలకు ఎవరి బట్ట ఏదో తెలియకపోవడమేం? ఇంటికెళ్లి, "నాన్నా, ఈ వారం నువ్వు యెరికో గోడ మీదున్నావు, కూలిపోయావు" అని చెప్పేవాళ్లు. దాంతో కొందరు బట్టలు తీసుకెళ్లేటప్పుడు మొహమాటపడుతూనే మిగిలిన ముక్కలు కూడా ఇచ్చెయ్యమని అడగడం మొదలుపెట్టారు. మిగల్లేదని చెప్పేది అమ్మమ్మ. గోనెసంచిని కాలితో లోపలికి తోస్తూ చెప్పేది.

మనుషులు మంచిగా మారితే బొమ్మలు కూడా మారేవి. కొట్టతను తాజా గుడ్లు అమ్మిన ఏడాది మోషే వైపుకు దాటాడు. ఎన్నేళ్లయినా బట్ట మారనివాడు ఒక్క గొల్యాతే. వాడి ఒంటి మీద ఎప్పుడూ తాళాలాయన గళ్ల చొక్కానే.

తాళాలాయన చర్చి పెద్ద. తలుపుల తాళాలు, బీరువా తాళాలు, కానుక పెట్టె తాళం అన్నీ ఆయన నడుముకే వేలాడతాయి. ముందు చప్పుడు వస్తుంది, తర్వాత ఆయన వస్తాడు. తను గొల్యాతునయ్యానని పిల్లల నోట విని ఆయన నొచ్చుకోలేదు సరికదా, మురిసిపోయాడు. గొల్యాతు ఎంత ఎత్తో తెలుసా అని నలుగురి దగ్గరా చెప్పుకున్నాడు. బట్టలు కుట్టించుకోవడమూ మానలేదు. ఆయన పొట్టను కాస్తయినా దాచగల దర్జీ ఇంకెవరూ దొరకలేదు మరి.

ఆయన చేసిన పాపం ఇది.

మా తాతయ్య వడ్రంగి. చర్చిలో బల్లలన్నీ ఆయన చేసినవే. నా చిన్నప్పుడు ఒక ఆదివారం చర్చి మైకు కనిపించలేదు. ఊగుతున్న బల్ల కాలు బిగించడానికి ముందురోజు లోపలికి వచ్చింది తాతయ్య ఒక్కడే. మిగిలిన పని ప్రార్థన అయ్యాక ముగించుకోవచ్చని ఆ పొద్దున పనిముట్ల సంచి కూడా తెచ్చుకున్నాడు. ప్రార్థన అవుతూనే తాళాలాయన ముందుకొచ్చి, ఏ తప్పూ చెయ్యనివాడికి సంచి చూపించడానికి భయమెందుకన్నాడు. తాతయ్య సంచి ఇచ్చాడు. తాళాలాయన దాన్ని అందరి ముందూ తలకిందులు చేశాడు. ఉలులు, కొయ్యసుత్తి, చిత్రిక, ఆకురాయి, అరిగిన పెన్సిలు నేల మీద పడ్డాయి. మైకు పడలేదు. ఖాళీ సంచి వాటి మీద పడేసి, "సరే, తీసుకెళ్లు" అన్నాడు.

తాతయ్య మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటీ ఏరుకున్నాడు. అమ్మమ్మ వంగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. మిగతావాళ్లెవరూ అసలు వంగలేదు.

కొన్నాళ్లకు మైకు దొరికింది. తాళాలాయన సొంత బీరువాలో, శాలువా మడతలో. భద్రంగా ఉంటుందని ఆయనే పెట్టి మరిచిపోయాడు. ఆ సంగతి టీకొట్టు దగ్గర తాతయ్య భుజం తట్టి, గొంతు బాగా తగ్గించి చెప్పాడట. పెద్దవాళ్లం, మనసులో పెట్టుకోవద్దన్నాడట. తాతయ్య తల ఊపి వచ్చేశాడు. మళ్లీ చర్చి లోపల అడుగు పెట్టలేదు. ఆదివారాలు బయట మెట్టు మీద కూర్చుని పాటలు వినేవాడు. ఆ గుమ్మం దాటింది చివరికి శవపేటికలోనే.

క్షమించెయ్యమ్మా అని పాస్టరుగారు ఇంటికొచ్చి మరీ చెప్పారు. అమ్మమ్మ ఆయనకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, మిషను ఆపకుండానే జవాబిచ్చింది.

"నేను సిద్ధంగానే ఉన్నానండి. అడగమనండి."

అడిగితే ఎక్కడ అడగాలో కూడా చెప్పింది. అందరి ముందూ కుమ్మరించాడు కాబట్టి అందరి ముందే ఎత్తాలి. బీరువా సంగతి కూడా అందరి ముందే చెప్పాలి. టీకొట్టు దగ్గర చెవిలో చెప్పింది ఆమె లెక్కలో గుండుసూది గుచ్చి వదిలేసిన అతుకు. చూడ్డానికి అతికినట్టే ఉంటుంది, తొడుక్కుంటే ఒంటికి గుచ్చుకుంటుంది.

ఆ వారమే గొల్యాతుకు గళ్ల చొక్కా వచ్చింది. ఆ వారమే పిల్లల గదిలో ఒక రూలు కూడా వచ్చింది. ఒలికించినవాళ్లే ఎత్తాలి. రంగులు ఒలికినా, పూసలు ఒలికినా అంతే. ఎత్తేదాకా మిగతావాళ్లు చేతులు కట్టుకుని నిలబడాలి. సాయం చెయ్యకూడదు, నవ్వకూడదు, కథ ముందుకు సాగదు. ఒకసారి పాస్టరుగారి చెయ్యి తగిలి సుద్దముక్కల డబ్బా పడింది. ఆయన పంచె ఎగగట్టుకుని ఏరుతుంటే పిల్లలందరూ చేతులు కట్టుకుని చూశారు. పిల్లలకు క్రమశిక్షణ బాగా నేర్పుతున్నారమ్మా అని ఆయన మెచ్చుకుని వెళ్లారు. అమ్మమ్మ మనసులో ఇంకెవరు ఏరుతున్నారో నేను ఊహించగలను.

ఏళ్లు గడిచాయి. తాళాలాయన మనవరాలు పిల్లల తరగతిలో చేరింది. పక్కనున్న వాళ్లకు కూడా వినపడనంత మెల్లగా మాట్లాడేది. పిల్లలు దానికి గుసగుస అని పేరు పెట్టారు. ఇక చూడు, పగ తీర్చుకునే రోజు నడుచుకుంటూ వచ్చిందని నేను అమ్మమ్మ చెవిలో ఊదాను. దాన్ని మూలన కూర్చోబెట్టి దుర్మార్గపు రాణి యెజెబెలు వేషం వేయించమని సలహా కూడా ఇచ్చాను. అమ్మమ్మ టేపుతో నా చెయ్యి మీద ఒకటి వేసింది. గుసగుసను తన కుర్చీ పక్కనే కూర్చోబెట్టుకుంది.

పిలవకుండా రాజు ముందుకు వెళ్లిన ఎస్తేరు కథ చెప్పిన రోజు ఆ పిల్ల అమ్మమ్మ చెంగు లాగి ఏదో అడిగింది. అమ్మమ్మ వంగి విని, జవాబు మాత్రం గదికంతా వినిపించేలా చెప్పింది.

"భయమేస్తే భయపడుతూనే చెప్పాలి తల్లీ. ఎస్తేరు కాళ్లు వణకలేదని నీకెవరు చెప్పారు? దేవుడు వెనకున్నాడని నమ్మింది, అడుగేసింది. గొంతు చిన్నదైతే ఏంటి, మాట నిజమైతే చాలు."

ఆ ఏడాది పిల్లల కార్యక్రమానికి యోసేపు కథ ఎంచుకుంది. ఏటా ఆ నాటకంలో చర్చి పెద్ద ఒక వేషం వెయ్యడం మా చర్చి అలవాటు. తాళాలాయన ఎప్పుడూ రాజు వేషమే అడుగుతాడు. ఈసారి అమ్మమ్మ ఆయనకు యోసేపు ఇంటి అధికారి వేషం ఇచ్చింది. అన్నదమ్ముల సంచులు వెతికి, ఏ తప్పూ చెయ్యని చిన్న తమ్ముడు బెన్యామీను సంచిలోంచి వెండి గిన్నె బయటపెట్టేవాడు. జరీ అంచుతో పొడుగు అంగీ కుట్టి పెట్టేసరికి ఆయన రాజు సంగతి మరిచిపోయాడు. బెన్యామీనుకు మాటలేమీ లేవు కాబట్టి ఆ వేషం గుసగుసకు వచ్చింది. రిహార్సల్లో సంచి అంటే తవుడు నింపిన చిన్న గోతాం. బోర్లిస్తే స్టీలు గిన్నె పడేది, పిల్లలు అయ్యో అనేవాళ్లు, కథ ముందుకు పోయేది.

కార్యక్రమం రోజు పొద్దున అమ్మమ్మ అటక మీంచి తాతయ్య సంచి దించింది. ఉలుల మొనలకు గుడ్డపేలికలు చుట్టి దారంతో కట్టింది. పిల్లలెవరికైనా తగిలితే అని నేనడిగితే, అందుకే కదా చుడుతున్నానంది. ఎందుకు తీసుకెళ్తున్నావని మాత్రం నేనడగలేదు. ఆ మాత్రం చదువు నాకుంది.

చర్చి నిండిపోయింది. తాళాలాయన జరీ అంగీలో, చేతిలో మైకుతో, ఒక్కో సంచీ వెతుకుతూ జనాన్ని నవ్విస్తున్నాడు. బెన్యామీను వంతు వచ్చింది. పిల్లల్ని ఆ రోజు ఎందుకో బాగా వెనక్కి నిలబెట్టింది అమ్మమ్మ. స్టూలు మీద కాన్వాసు సంచి. ఆయన ఒంటిచేత్తో లేపబోతే లేవలేదు. మైకు స్టూలు మీద పెట్టి రెండు చేతులా పట్టుకున్నాడు. బరువు తెలిసినప్పుడే ఆయన మొహంలో ఏదో మారింది. కానీ చర్చి మొత్తం చూస్తోంది, వెనక్కి ఎలా తగ్గుతాడు? బోర్లించాడు.

ఉలులు, కొయ్యసుత్తి, చిత్రిక, ఆకురాయి, అరిగిన పెన్సిలు నేల మీద పడ్డాయి. గిన్నె పడలేదు.

ఆ చప్పుడు అంతకుముందు విన్నవాళ్లు చర్చిలో చాలామందే ఉన్నారు. తాళాలాయన అమ్మమ్మ వైపు చూశాడు. అమ్మమ్మ ముందు వరసలో, చేతులు కట్టుకుని కూర్చుంది. ఆయన పిల్లల వైపు చూశాడు, నాటకం ఎవరైనా ముందుకు లాగుతారేమోనని. పిల్లలకు ఒలికింది కనపడింది. వాళ్లకు తెలిసింది ఒక్కటే రూలు. వరసగా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఆయన నవ్వబోయాడు. ఎవరైనా తీసెయ్యండర్రా అన్నాడు. ఎవరూ కదల్లేదు. అప్పుడు గుసగుస స్టూలు మీది మైకు తీసుకుంది. దాని కాళ్లు వణుకుతుండటం నేను కూర్చున్న చోటికి కనపడింది. మామూలుగా అయితే దాని మాట పక్క పిల్లకు కూడా వినపడదు. ఆ రోజు చివరి బల్లదాకా వినపడింది.

"తాతయ్యా, ఒలికించినవాళ్లే ఎత్తాలి."

అడిగింది తన మనవరాలు. తిట్టలేడు, తోసెయ్యలేడు. అంగీ జరీ అంచు నేలకు రాసుకుంటుండగా తాళాలాయన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఉలి తర్వాత ఉలి తీసి సంచిలో వేశాడు. నడుముకున్న తాళాలు ప్రతిసారీ గలగలమన్నాయి. పెన్సిలు బల్ల కిందకి దొర్లిపోయిందని అమ్మమ్మ కూర్చున్నచోటి నుంచే చెప్పింది. అది తాతయ్య చేసిన బల్ల. ఆయన తల వంచి, చేతులు నేలకానించి, దాని కిందకి దూరాడు. అబద్ధమెందుకు, నాకు కడుపు నిండిపోయింది.

పెన్సిలు పట్టుకుని బయటికొచ్చి ఆయన వెంటనే లేవలేదు. ఎదురుగా బెన్యామీను నిలబడి ఉంది. ఎవరైనా మాట్లాడబోతే మైకు వాళ్ల నోటి దగ్గర పెట్టాలని పిల్లలకు అలవాటు చేసింది అమ్మమ్మే. తన తాత పెదవులు కదలడం చూసి గుసగుస మైకు ఆయనకు అందించింది.

"మైకు మా ఇంట్లోనే దొరికింది. నా బీరువాలోనే. ఆయన తియ్యలేదు," అన్నాడు తాళాలాయన.

అమ్మమ్మ లేచి వెళ్లి సంచి అందుకుంది. లోపల చెయ్యి పెట్టి అన్నీ ఉన్నాయో లేదో తడిమి చూసుకుంది. చూసుకున్నాకే పిల్లల వైపు తిరిగి, యోసేపు ఏడవాలి కదా, ఏడీ వాడు అని అడిగింది. నాటకం సాగింది. ఆ రోజు యోసేపు కంటే జనం ఎక్కువ ఏడ్చారు.

ఆ మాట నువ్వే నేర్పావా అని ఇంటికొచ్చాక అడిగాను. రూలు అందరికీ నేర్పాను, దానికి మాత్రం ధైర్యం నేర్పాను అంది. తాతయ్య సంచి మళ్లీ అటక ఎక్కలేదు. మిషను పక్కన మేకుకు వేలాడుతోంది.

తర్వాతి ఆదివారం పలక మీదికి జక్కయ్య వచ్చాడు. చెట్టు దిగి, అందరి ముందూ తన తప్పు ఒప్పుకున్న పొట్టివాడు. వాడి ఒంటి మీద గళ్ల చొక్కా. పాస్టరుగారు అది చూసి కళ్లు తుడుచుకున్నారు. టీచరమ్మ మనసు మెత్తబడిందని వీధంతా అనుకుంది. నేనూ అలాగే అనుకుని, అలా మా అమ్మమ్మ తాళాలాయనను క్షమించిందని రాసి, ఇదంతా ఆమెకు చదివి వినిపించాను. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ చివరిదాకా విన్నది.

"క్షమించానని రాసిన చోట కొట్టెయ్యవే. గుడ్డ మిగిలింది కాబట్టి జక్కయ్యకు వేశాను. గొల్యాతు ఒంటి మీదది నేనింకా విప్పలేదు."